ఫోనులో చెల్లెలు, మేడమీద అక్క

అక్కకి చెల్లెలి మీద ఈర్ష్య ఉంది. ధ్యానం చేసేవాళ్ళకి ఈర్ష్య ఏమిటని మీరడగొచ్చు. అక్క కూడా అలాగే అనుకుంది కాబట్టే దానికి రకరకాల పేర్లు పెట్టింది. ఒకసారి బాధ అంది, ఒకసారి ధర్మాగ్రహం అంది, ఇంకోసారి ఆ పిల్ల ఏమైపోతుందోనన్న బెంగ అంది. పేరు ఏదైతేనేం, బస్సులో ఎవరైనా ఫోను పెట్టుకుని చెల్లెలి గొంతు వింటూ కళ్ళు మూసుకుంటే చాలు, అక్కకి అరికాలి మంట నెత్తికెక్కేది.

అక్క కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన చట్రం పెట్టి, అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని సాయంత్రం దాకా అడుగుతుంది. పొద్దున్నే మాత్రం లాండ్రీ పైనున్న మేడగదికి వెళ్తుంది. ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పిన మాస్టారు ఆ గదిలో ధ్యానం నేర్పుతారు. కింద యంత్రాలు గడగడమంటుంటాయి, పైన జనం కళ్ళు మూసుకుని ఊపిరి చూసుకుంటుంటారు. ఇస్త్రీ ఆవిరి మెట్ల మీదుగా పైకొచ్చి గదంతా ఉక్కపోస్తుంది. అందరికంటే ముందొచ్చి కిటికీలు తెరిచేదీ, చాపలు పరిచేదీ, మాస్టారి పీట తుడిచేదీ అక్కే.

ఆ పీట మీద మాస్టారు తప్ప ఎవరూ కూర్చోరు. కూర్చుని నాలుగు మాటలు చెప్పాలంటే ఆయన అనుమతి కావాలి. ఈ సంగతి మేడగదిలో అందరికీ తెలుసు. ఎవరు చెప్పారని ఎవరూ అడగలేదు. ఆ అనుమతి కోసం అక్క వేయి కళ్ళతో ఎదురుచూస్తోంది. నోరు తెరిచి అడగడానికి లేదు. అడిగితే కోరిక ఉన్నట్టు, కోరిక ఉంటే అర్హత లేనట్టు. అందుకని ఏమీ అక్కర్లేనట్టు మొహం పెట్టి, ఏళ్ళ తరబడి చాపలు పరిచింది. జుట్టు కూడా నెరిసింది.

చెల్లెలు కూడా కొన్నాళ్ళు వచ్చింది. మోకాళ్ళు నొప్పులంది, చాప గుచ్చుకుంటోందంది, ఒకరోజు గోడకి ఆనుకుని గురక పెట్టింది. మర్నాటి నుంచి రాలేదు. తర్వాతెప్పుడో ఆఫీసువాళ్ళు పంపితే తెల్ల గోడల హాల్లో ఏదో శిక్షణకి వెళ్ళింది. తిరిగొచ్చి, "అక్కా, మైండ్‌ఫుల్‌నెస్ అని ఒకటి నేర్చుకున్నానే, ఎంత బాగుందో!" అంది. అక్క నోరు వెళ్ళబెట్టింది. మేడగదిలో రోజూ చేసేదీ అదే మరి.

మాస్టారి గురువు సముద్రానికి అవతల అడవిలో ఉండే బౌద్ధ సన్యాసి. ఆయన దగ్గరికి ఎక్కడెక్కడి జనమో వచ్చేవారట. వాళ్ళలో డాక్టర్లు కూడా ఉండేవారు. వాళ్ళు ఇళ్ళకి తిరిగెళ్తూ ఊపిరి చూసుకునే విద్యని మూటగట్టుకున్నారు. మూట బరువనిపించిందేమో, దారిలో ఒక్కొక్కటే దించేశారు. బుద్ధుడి బొమ్మ దించారు, ధూపం దించారు, పూర్వజన్మలు దించారు, అబద్ధమాడను దొంగతనం చెయ్యను అనే నియమాలు కూడా దించేశారు. మిగిలినదాన్ని నొప్పులున్న రోగులకిచ్చారు. రోగుల నుంచి ఆఫీసులకీ, ఆఫీసుల నుంచి ఫోనుల్లోకీ అది పాకింది. ఇదంతా మాస్టారే నవ్వుతూ చెప్పారు. అక్క మాత్రం నవ్వలేదు. దొంగతనం చెయ్యకూడదన్న నియమమే వదిలేశాక ఇక దొంగలకి అడ్డేముందని పెదవి విరిచింది.

శిక్షణ అయిన కొన్నాళ్ళకి చెల్లెలే ధ్యానం చెబుతూ రికార్డు చెయ్యడం మొదలుపెట్టింది. ఇప్పుడు దాని గొంతు ప్రతి ఫోనులోనూ ఉంది. నిద్ర పట్టనివాళ్ళు వింటారు, పరీక్షలు రాసేవాళ్ళు వింటారు, మొగుడితో తగాదా పడ్డవాళ్ళు వింటారు. అన్నిటికంటే ఎక్కువమంది వినే మాట ఒకటుంది. "ఎవరొచ్చినా రానీ. వెళ్ళేవాళ్ళని వెళ్ళనీ. నువ్వు గడప దగ్గర కూర్చో, చాలు." ఆ మాట విన్నప్పుడల్లా అక్కకి కడుపు రగిలిపోయేది. అది మాస్టారి మాట. మేడగది మాట. గురకపెట్టి నిద్రపోయిన మనిషి దాన్ని ఎత్తుకుపోయి ఊరందరికీ పంచుతోంది!

అలాంటి రోజుల్లో మాస్టారు మేడమెట్ల మీద జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. మేడగదిలో పీట ఖాళీ అయింది. జనం వచ్చి, ఖాళీ పీటకేసి చూసి, కళ్ళు మూసుకుని, ఏమీ తోచక తొందరగా లేచిపోయేవారు. కొందరు రావడమే మానేశారు. ఇలాగే సాగితే గది ఖాళీ చెయ్యక తప్పదని లాండ్రీ యజమాని కబురు పెట్టాడు. ఉన్నవాళ్ళందరూ అక్క మొహం కేసి చూశారు. అక్క ఆస్పత్రికి బయలుదేరింది. ఈ రోజు మాస్టారు పీట మీద నువ్వు కూర్చో అనకుండా ఉండలేరని దారి పొడుగునా అనుకుంది. పైకి మాత్రం ఏమీ అనుకోనట్టే నడిచింది.

వార్డులో మాస్టారు వెల్లకిలా పడుకుని ఉన్నారు. చెవుల్లో ఫోను తీగలున్నాయి, మొహం మీద చిరునవ్వుంది. నర్సమ్మ సెలైను సరిచేస్తూ, "నొప్పి మందు తగ్గించాలని మా డాక్టరుగారు ఇది వినమన్నారండీ. మొదట ఈయన వద్దన్నారు, ఇప్పుడు తియ్యనివ్వట్లేదు," అంది.

మాస్టారు కళ్ళు తెరిచారు. "రా అమ్మాయీ. మీ చెల్లెలు బాగా చెబుతోందే! హాయిగా ఉంది."

ఆ 'హాయిగా' అన్న మాట అక్కకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఏళ్ళ తరబడి పీట తుడిచిన చేతికి ఆ మాట ఒక్కసారి కూడా దక్కలేదు. గుడ్ల నీరు కుక్కుకుని మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

"ఎందుకు బాగుండదు మాస్టారూ, మీ మాటలే కదా. ఒక్క మాట అడక్కుండా వాడుకుంటోంది."

"నా మాటలా? ఏవీ?"

"అదే, ఎవరొచ్చినా రానీ, వెళ్ళేవాళ్ళని వెళ్ళనీ, గడప దగ్గర కూర్చో అని."

"నేనెప్పుడన్నానమ్మా అలాగ? నాకు గడపలూ వాకిళ్ళూ చెప్పడం రాదు. ఊపిరి చూడండి అంటాను, మళ్ళీ చూడండి అంటాను. లెక్కల మాస్టార్ని కదా, ఉన్నదే మళ్ళీ చేయిస్తాను."

పెద్దాయనకి మతిమరుపు వచ్చిందనుకుంది అక్క. అనుమతి సంగతి ఎత్తకుండానే లేచింది. తాడో పేడో తేల్చుకుందామని తిన్నగా చెల్లెలింటికి వెళ్ళింది.

చెల్లెలు పడకగదిలో ఉంది. ఆ ఇంట్లో బీరువా తలుపులు తీసి, వేలాడే బట్టల మధ్య మైకు కట్టి, తల లోపల దూర్చి మాట్లాడటమే రికార్డింగు. బట్టలుంటే బయటి చప్పుడు పడదట. లోకమంతా కళ్ళు మూసుకుని వినే ఆ గొంతు చలికోట్ల సందులోంచి వస్తోందని అక్కకి అప్పుడే తెలిసింది. మరొకప్పుడైతే నవ్వేది.

"బయటికి రావే! నీతో మాట్లాడాలి."

చెల్లెలు తల బయటికి తీసింది. జుట్టంతా రేగిపోయింది. "ఏమైందక్కా? మాస్టారికి ఎలా ఉంది?"

"నీ గొంతు వింటూ హాయిగా ఉన్నారులే. ఆ గడప మాట ఎక్కడిదే నీకు? ఎవరిని అడిగి చెబుతున్నావు?"

చెల్లెలు తెల్లబోయింది. "నిన్ను అడిగాను కదక్కా."

"నన్నెప్పుడడిగావు?"

"మొదటి రికార్డింగప్పుడు. నీ మాటలే చెబుతున్నానే, నువ్వే వచ్చి చెప్పరాదా అన్నాను. మాస్టారి అనుమతి లేకుండా చెప్పకూడదు, నీ ఇష్టమొచ్చినట్టు ఏడువు అన్నావు. అందుకే ఏడుస్తున్నాను."

"నా మాటలేమిటే? మాస్టారివి అవి!"

"మాస్టారు ఎప్పుడొచ్చారక్కా మా బాత్రూం దగ్గరికి?" చెల్లెలు మంచం అంచున కూర్చుంది. "మా ఆయన నన్నొదిలేసి వెళ్ళిపోయిన రోజు నేను లోపల గడియ పెట్టుకున్నాను. ఊపిరి అందట్లేదు. చచ్చిపోతాననుకున్నాను. అమ్మ తలుపు బాదుతోంది. నువ్వొచ్చి అమ్మని పంపించేసి, తలుపవతల నేల మీద కూర్చున్నావు. తలుపు తియ్యమని ఒక్కసారి కూడా అనలేదు. ఎవరొచ్చినా రానీవే, ఏడుపొస్తే రానీ, భయమొస్తే రానీ, వెళ్ళేవాళ్ళని వెళ్ళనీ, నువ్వు గడప దగ్గర కూర్చో చాలు, ఇవతల నేనున్నాను అన్నావు. చివరి ముక్క మాత్రం నేను తీసేశాను. ఫోనులో ఎవరుంటారు ఇవతల?"

అక్కకి గుర్తొచ్చింది. తలుపు గుర్తొచ్చింది, తన నడుము నొప్పి పుట్టడం గుర్తొచ్చింది, మాటలు మాత్రం అంతగా గుర్తు లేవు. ఆ రోజు నోటికొచ్చింది చెప్పింది. బాగున్న మాట తనదయ్యే వీల్లేదు కాబట్టి మాస్టారిదే అయ్యుంటుందని తర్వాతెప్పుడో ఆయన ఖాతాలో వేసేసింది.

ఇక్కడ అక్క మనసు కరిగి చెల్లెల్ని కావలించుకుందని చెబితే బాగుంటుంది కానీ, అలా జరగలేదు. ఈర్ష్య రెట్టింపయింది. ఇన్నాళ్ళూ దొంగ అని తిట్టుకోవడానికైనా వీలుండేది. ఇప్పుడు ఆ వీలు కూడా పోయింది. తను వద్దనుకున్న పళ్ళెంలోది చెల్లెలు తీసుకుని తింది, అంతే. బాగుపడింది కూడా.

"సరేలే," అని లేచి వచ్చేసింది.

మర్నాడు ఆస్పత్రికి వెళ్ళి, నిలబడే అడిగేసింది. అడక్కూడనిది అడుగుతున్నందుకు చెవులు ఎర్రబడ్డాయి.

"మాస్టారూ, నాకు అనుమతి ఎందుకివ్వలేదు?"

"దేనికి?"

"పీట మీద కూర్చుని చెప్పడానికి."

మాస్టారు చెవుల్లోని తీగలు తీశారు. నిజంగానే అర్థం కానట్టు చూశారు. "దానికి అనుమతేమిటమ్మాయీ? మా గురువుగారికి ఒకసారి జలుబు చేసి గొంతు పోయింది. ఇవాళ నువ్వు చెప్పు అన్నారు, చెప్పాను. ఆయన గొంతు బాగయ్యాక కూడా నాచేతే చెప్పించారు. బద్ధకం ఆయనకి. అదే నా అనుమతి."

"మరి నాకెప్పుడూ చెప్పమనలేదే?"

"నీకిష్టం లేదనుకున్నాను. చాపలు పరుచుకుని ఆ మూల ప్రశాంతంగా ఉండేదానివి. నీ మొహం చూస్తే ఏమీ అక్కర్లేని మనిషి అనిపించేది. కదపడం ఎందుకులే అనుకున్నాను."

ఏమీ అక్కర్లేనట్టు మొహం పెట్టడంలో తను అంత బాగా నెగ్గిందని అక్కకి అప్పటిదాకా తెలియదు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కొంచెం కొంచెం చేసింది. మాస్టారి మీద కూడా కోపం వచ్చింది. మనసులోది చూడమని అందరికీ నేర్పిన మనిషి తన మనసులోకి ఒక్కసారి కూడా తొంగి చూడలేదు!

"రేపట్నుంచి నేను చెబుతాను," అంది.

"చెప్పమ్మా. నాకు పని తప్పింది," అని మాస్టారు మళ్ళీ తీగలు చెవుల్లో పెట్టుకున్నారు.

తెల్లారి మేడగదిలో అక్క పీట మీద కూర్చుంది. కింద యంత్రాలు మొదలయ్యాయి. పాతవాళ్ళు కొందరు, కొత్తవాళ్ళు ఒకరిద్దరు కళ్ళు మూసుకున్నారు. ఏం చెప్పాలో తోచక, తనలో ఉన్నదాన్నే చూసింది. ఉన్నది ఈర్ష్యే. దానికి ఈసారి వేరే పేరు పెట్టలేదు. "ఎవరొచ్చినా రానీండి," అని మొదలుపెట్టింది. "మనకి నచ్చనివాళ్ళు వస్తారు. మనకంటే బాగున్నవాళ్ళని చూసి కుళ్ళుకునేది ఒకటి వస్తుంది. రానీండి. వెళ్ళేదాన్ని వెళ్ళనీండి. మీరు గడప దగ్గర కూర్చోండి, చాలు. ఇవతల నేనున్నాను." గొంతు దానంతటదే సాగింది. గదిలో ఎవరూ కదల్లేదు. ఒకావిడ సన్నగా ఏడ్చింది. అక్కకి లోపల చల్లగా అయింది. ఇన్నేళ్ళూ తను కావాలనుకున్నది ఇదే. కావాలనుకున్నంతా ఉంది.

అందరూ లేచాక, కొత్తగా వచ్చిన పళ్ళ డాక్టరు దగ్గరికొచ్చి నమస్కారం పెట్టాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"అద్భుతంగా చెప్పారండీ. ఫోనులో ఆవిడ లేరూ, అచ్చం ఆవిడలాగే! కళ్ళు మూసుకుంటే తేడా తెలియలేదు. ఆవిడ దగ్గరే నేర్చుకున్నారా?"

అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. నిజం నాలుక చివరికి వచ్చింది. ఈసారి ఆపుకోలేదు.

"కాదండీ. ఆవిడే నా దగ్గర నేర్చుకుంది."

పళ్ళ డాక్టరు మర్యాదగా నవ్వాడు. రోజూ పళ్ళు తోముకుంటున్నామని చెప్పే రోగుల్ని చూసి నవ్వే నవ్వు అది. "అలాగేనండీ," అన్నాడు.

అక్క ఒళ్ళు భగ్గుమంది. కావాలంటే మాస్టారిని అడగండి అందామనుకుంది. మాస్టారికి ఆ మాటే తెలియదు. బాత్రూం తలుపు ఎలాగూ చెప్పదు. చెబితే ఈయన నమ్మే గొంతు ఈ లోకంలో ఒక్కటే ఉంది, అది చెల్లెలిది. దాన్ని పిలిచి, బాబ్బాబు, నేనే నీకు చెప్పానని చెప్పవే అని బతిమాలుకోవాలి.

"రేపు కూడా మీరే చెబుతారాండీ?" అన్నాడు పళ్ళ డాక్టరు, మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ.

"నేనే చెబుతాను," అంది అక్క, పళ్ళ బిగువున. "పెందలాడే రండి."