చర్చి వెనక నిలిపిన కార్లు

మా ఫ్యాక్టరీ గేటు పక్కన ఒక బోర్డు ఉండేది. విదేశీ కార్లు చిట్టచివర, చెత్త డబ్బాల దగ్గర నిలపాలని దాని మీద రాసి ఉండేది. ఆ అక్షరాలకు ఎర్రరంగు వేసింది నేనే. రెండు పూతలు వేశాను. ఆరేళ్ల తర్వాత జపాన్ కారు కొన్నది కూడా నేనే.

తప్పు నాది కాదు. ఒహాయోలో జపాన్ కారు కొన్న ప్రతివాడూ ఇదే మాట అంటాడు, కాని నా విషయంలో అది నిజం. మా ఫ్యాక్టరీలో కార్ల తలుపులు తయారుచేస్తాం. మా తలుపులే బిగించిన మా పాత కారు ఆ చలికాలంలో మూడుసార్లు నడిరోడ్డు మీద ఆగిపోయింది. మూడోసారి మా ఆవిడ లొరెట్టా మంచులో మైలున్నర నడిచి ఇల్లు చేరింది. బూట్లు కూడా విప్పకుండా నా ముందు నిలబడింది.

"తలుపులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి వెర్నన్. దిగేటప్పుడు చప్పుడే చెయ్యలేదు."

మర్నాడే వెళ్లి కొనేశాం.

ఇక దాన్ని ఎక్కడ పెట్టాలన్నది సమస్య. నేను యూనియన్ కమిటీ మెంబర్ని. చెత్త డబ్బాల పక్కన కారు దిగితే ఏ మొహంతో మాట్లాడతాను? అందుకని ఫ్యాక్టరీకి అర మైలు దూరంలో ఉన్న లూథరన్ చర్చి వెనక నిలిపి, మిగతా దూరం నడిచేవాణ్ని. మొదటిరోజు వెళ్లేసరికే అక్కడ నాలుగు కార్లు గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. ఫిబ్రవరికల్లా నలభై దాటాయి. ఎవరైనా చూస్తే ప్రార్థనకి వచ్చాడనుకోవాలని ప్రతివాడూ టోపీ తీసి చర్చి వెనక గుమ్మం ముందు ఒక నిమిషం నిలబడి వెళ్లేవాడు. ఊళ్లో భక్తి పెరిగిందని పాస్టర్ డ్రెక్సెల్ పొంగిపోయాడు. పొద్దున్నే కాఫీ, డోనట్లు పెట్టి ఒక కీర్తన కూడా పాడించడం మొదలుపెట్టాడు. కారు దాచుకోవడానికి వచ్చినవాళ్లం గొంతు కలపక తప్పేది కాదు.

ఒకరోజు అక్కడే ఒక కారుకి గుడ్డ కప్పుతూ నార్బర్ట్ దొరికాడు. లోడింగ్ దగ్గర పనిచేస్తాడు. జాకెట్ మీద జెండా కుట్టించుకుని, విదేశీ సరుకు కొన్నవాణ్ని ఊళ్లోంచి తరమాలని కాంటీన్‌లో రోజూ అరిచేది వాడే.

"ఏమిట్రా ఇది?" అన్నాను.

"మా బావమరిదిది."

"మీ ఆవిడకి అన్నదమ్ములే లేరు కదరా."

"అందుకే ఇంకా ఎవడూ వచ్చి తీసుకెళ్లలేదు."

ఇద్దరం కలిసి నడిచాం. కార్ల సంగతి ఎత్తకుండా ఉండాలి కాబట్టి జీతాల సంగతి మాట్లాడుకున్నాం. గంటకి పదమూడు డాలర్లు ఇవ్వలేం, రెండు డాలర్లు తగ్గించుకుంటేనే ఫ్యాక్టరీ ఇక్కడ ఉంటుందని కంపెనీ అంటోంది. ఆదివారం ఓటింగు.

"దక్షిణాది రాష్ట్రాల్లో ఏడు డాలర్లకే చేస్తున్నారట. మెక్సికోలో ఒకటిన్నరకి. మనం పదకొండుకి దిగితే ఎవడితో సమానం అవుతాం గురూ?" అన్నాడు నార్బర్ట్.

"మనలాంటి వాళ్లు చవక సరుకు కొంటుంటే ఏ కంపెనీ మాత్రం ఏం చేస్తుంది?"

"మనలాంటి వాళ్లంటే ఎవరు?" అని చుట్టూ చూశాడు.

ఆ వారమే, రేకుని తలుపులుగా నొక్కే నాలుగో నంబరు ప్రెస్సు పక్క గోడ మీద ఎవరో సుద్దతో పెద్ద చదరం గీశారు. గాలి బాగా రావాలని గోడ పగలగొడుతున్నామని కంపెనీవాళ్లు అన్నారు. బయట మంచు కురుస్తోంది. నలభై టన్నుల ఆ ప్రెస్సు లేకపోతే మాకు పనే లేదు. దాని పనంతా నేనే చూస్తాను కాబట్టి వంగి కాళ్లు చూశాను. దాన్ని నేలకు బిగించిన బోల్టులు పదహారు. నేను పుట్టకముందు వేసిన బూడిదరంగు వాటి మీద అట్టకట్టి ఉండేది. ఇప్పుడు ఎనిమిదింటి మీద రంగు గీకేసి ఉంది. తుప్పు వదలడానికి పూసే నూనె తళతళలాడుతోంది.

కదిలించని యంత్రానికి ఆ నూనె ఎవరూ పూయరు.

"ఏం చూస్తున్నారు వెర్నన్?" వెనకనుంచి మేనేజర్ విట్‌కోంబ్ గొంతు. ఆయన ఎప్పుడొచ్చాడో నాకు తెలియలేదు.

"ఏం లేదండీ."

"మంచిది," అన్నాడు. నిజంగా చాలా మంచి విషయం విన్నట్టే నవ్వాడు.

ఆదివారం లేచి ఈ సంగతి చెప్పాలనుకున్నాను. ప్రెస్సుని ఇక్కణ్ణుంచి కదపబోమని కంపెనీ సంతకం పెట్టి ఇచ్చాకే జీతాల కోతకి ఒప్పుకుందామనాలి. కాగితం ఇవ్వకపోతే దాని ఉద్దేశం అందరికీ తెలిసిపోతుంది. యూనియన్ అధ్యక్షుడు గస్‌కి ఫోన్ చేసి, మాట్లాడేవాళ్ల జాబితాలో నా పేరు మొదట రాయించాను.

గురువారం పొద్దున చర్చి పక్క సమాధుల మధ్య పొడుగు కోటు వేసుకున్న మనిషి ఒకడు కనిపించాడు. ఫొటోలు తీస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి కూడా ఊపాడు. పాస్టర్ అతనికి కాఫీ ఇచ్చి, రెండు డోనట్లు కాగితంలో చుట్టి పెట్టాడు.

శనివారం మా ఉత్తరాల డబ్బాలో కవరు. స్టాంపు లేదు. లోపల ఒక్క ఫొటో: నా కారు, నంబరు, పక్కనే టోపీ తీసి తల వంచుకున్న నేను. వెనక్కి తిప్పి చూశాను. ఏమీ రాయలేదు.

"ఫొటోలో బాగా పడ్డావు," అంది లొరెట్టా.

"ఇది బెదిరింపు."

"అలా అని ఎక్కడా లేదే."

"అందుకే బెదిరింపు."

ఆవిడ ఫొటోని ఫ్రిజ్‌కి ఆనించి కాసేపు చూసింది. "లేచి నిజం చెప్పెయ్. నాకు జపాన్ కారుంది, బోల్టులకి నూనె కూడా ఉంది అను. రెండూ ఒకేసారి అయిపోతాయి."

"బోర్డు నేను రాశాను లొరెట్టా."

"అంటే ఉద్యోగం పోయినా ఫరవాలేదు, పరువు పోకూడదు."

"అలా అనకు."

"సరే, నువ్వే అను."

ఆదివారం యూనియన్ హాల్లో నాలుగు వందల మంది. గస్ నా పేరు పిలిచాడు. లేచాను. ఫొటో కోటు లోపలి జేబులో ఉంది. ఇంట్లో వదిలి రావడానికి ధైర్యం చాలలేదు.

"నాలుగో ప్రెస్సు దగ్గర..." అన్నాను.

ముందు వరసలో నార్బర్ట్ తన బూట్లవైపే చూస్తున్నాడు. వాడి పక్కవాడి చెయ్యి జేబు మీద ఉంది. వాడి వెనకవాడి చెయ్యి కూడా.

"నాలుగో ప్రెస్సు దగ్గర కాఫీ మిషను పాడైంది. ఎవరైనా పట్టించుకుంటే బాగుంటుంది."

చప్పట్లు కొట్టారు. నా తర్వాత ముగ్గురు లేచారు. ఒకడు కాంటీన్ కుర్చీల గురించి, ఒకడు చేతి తొడుగుల గురించి మాట్లాడారు. మూడోవాడు లేచి, గొంతు సవరించుకుని, మళ్లీ కూర్చున్నాడు. జీతాల కోత మూడు వందల పదకొండు ఓట్లతో నెగ్గింది. కాఫీ మిషను సంగతి ఏకగ్రీవంగా నెగ్గింది.

మీటింగు అయ్యాక చర్చి వెనక నార్బర్ట్ సిగరెట్ కోసం జేబు తడుముకుంటుంటే అదే రకం కవరు కిందపడింది. ఇద్దరం దానివైపు చూశాం.

"నీకూ వచ్చిందా?" అన్నాను.

"బావమరిదికి వచ్చింది," అని, దాన్ని ఏరుకుంటూ చెప్పాడు. "లోడింగ్ దగ్గర ఖాళీ చెక్కపెట్టెలు దిగాయి. ఏడు. అన్నిటిమీదా నాలుగో ప్రెస్సు అని రాసుంది. చిరునామా స్పానిష్‌లో ఉంది."

"మరి చెప్పలేదేమిట్రా హాల్లో?"

"నువ్వు చెప్తావనుకున్నా. నీ పేరే కదా ముందుంది."

చుట్టూ చూశాను. గుడ్డలు తీస్తున్నవాళ్లెవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఎవడి దగ్గర ఏ ముక్క ఉందో అడగాలనిపించింది. అందరూ గబగబా కార్లెక్కి వెళ్లిపోయారు.

సోమవారం గేటు దగ్గర బోర్డు లేదు. ఇకనుంచి ఎవరి కారు ఎక్కడైనా నిలుపుకోవచ్చని యాజమాన్యం నోటీసు పెట్టింది. మావాళ్లు ఈలలు వేశారు. మేనేజర్ చాలా మంచివాడన్నారు. నేను గేటుకు మూడో వరసలో నిలిపాను. చాలా సౌకర్యంగా ఉంది.

లోపల గోడ అప్పటికే పగలగొట్టేశారు. ఆ కంతలోంచి దూరంగా చర్చి వెనక ఖాళీ నేల కనిపిస్తోంది. పాస్టర్ ఒక్కడే మంచులో నిలబడి ఉన్నాడు, చేతిలో ఉన్నది డోనట్ల పళ్లెమే అయ్యుండాలి.

ప్రెస్సు దగ్గర విట్‌కోంబ్ నాకోసం ఎదురుచూస్తున్నాడు. చేతిలో నూనెడబ్బా, కొత్త బ్రష్షు.

"ఇంకా ఎనిమిది మిగిలాయి వెర్నన్. మా కుర్రాళ్లకి అవెక్కడున్నాయో అంతుపట్టడం లేదు. మీకు తెలుసు కదా."

తెలుసు. మోకాళ్ల మీద కూర్చున్నాను. రెండు పూతలు పూశాను.