కారం రాసిన బొటనవేలు

మా మనవరాలు శ్రీరమ్య చేత వేలు చీకడం మాన్పించడం నాకో లెక్కా అనుకున్నాను. మిరప కల్లాల్లో తొడిమలు తీయడంలో నన్ను మించినవాళ్లు మా ఊళ్లో లేరు. ఈ గురవమ్మ పట్టుబట్టిందంటే పని కావలసిందే. పిల్లకి ఏడో ఏడు. పాలపళ్లు ఊడి, పైన వస్తున్న కొత్త పళ్లు ముందుకు తోసుకొస్తున్నాయి.

వినుకొండలో పళ్ల డాక్టరమ్మ షమీమ్ గారు చూసి తేల్చి చెప్పింది.

"వేలు లోపల్నుంచి పళ్లని బయటికి నెడుతోందండీ. ఇప్పుడు మానేస్తే చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. మానకపోతే తర్వాత క్లిప్పులే. కొట్టకండి, తిట్టకండి. ఎప్పుడు చీకుతోందో కనిపెట్టండి."

కనిపెట్టేదేముంది, నా మొహం! నావీ ఎత్తుపళ్లే. బడిలో నన్ను 'కొబ్బరికోరాం' అని పిలిచేవాళ్లు. పెళ్లిచూపుల్లో నవ్వొద్దని మా అమ్మే చెప్పింది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఆ మాటలు నా మనవరాలు పడటానికి వీల్లేదు.

ఊళ్లో అందరూ వేపాకు రాస్తారు. ఇంటినిండా మిరపకాయలుండగా వేపాకు దేనికి? ఎండుకాయ నూరి దాని బొటనవేలికి పట్టించాను.

"వద్దత్తయ్యా, కళ్లు నలుపుకుంటుంది!" అని కోడలు భవ్య మొత్తుకుంది.

"నువ్వూరుకోవే" అన్నాను. ఏడుస్తుందని మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.

పిల్ల వేలు నోట్లో పెట్టుకుని, చప్పరించి, "ఇంకొంచెం ఉప్పుండాలి నానమ్మా" అంది.

ఓరి నాయనో! పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ చద్దన్నం తినే పిల్లకి కారమొక లెక్కా! భవ్య నవ్వలేక గడప మీద కూలబడింది.

మర్నాడు అదే వచ్చి, వేలు చాపి, "కారం రాయవా" అని అడిగింది. నాకు కోపం నషాళానికెక్కింది.

"ఏమే, నీకు వేళాకోళంగా ఉందా?"

"నీ వాసనొస్తుంది నానమ్మా. నువ్వు నన్ను పక్కన పడుకోనివ్వవుగా."

నా చేతుల వైపు చూసుకున్నాను. తొడిమలు తీసిన చేతులకి ఎంత కడిగినా మంట పోదు. చంటిపిల్లప్పుడు చెంప నిమిరితే కందిపోయి గుక్కపట్టింది. భవ్యది మిల్లులో నైట్ డ్యూటీ, పిల్లని నిద్రపుచ్చేది నేనే. అప్పట్నుంచీ చేతులు కొంగులో చుట్టుకుని, దూరంగా కూర్చుని జోకొట్టకుండానే నిద్రపుచ్చేదాన్ని. అది వేలు చీకేది సరిగ్గా అప్పుడే. నాకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం చేతులకి నూనె పట్టించి, శనగపిండితో రుద్ది రుద్ది కడిగి, భయపడుతూనే పక్కన పడుకున్నాను.

"మండితే చెప్పవే."

"మండినా వదల్ను" అని, చీకే చేత్తోనే నా వేళ్లు గట్టిగా పట్టుకుని నిద్రపోయింది.

వేలు చీకడం దానంతటదే తగ్గి, ఆగిపోయింది. మొన్న డాక్టరమ్మ చూసి, పళ్లు దారిలోకి వస్తున్నాయంది. లారీ లోడవ్వాలి, చీకటి పడ్డాక కూడా కాయలు ఏరాలి రమ్మని కల్లం మేస్త్రి రోజూ ఫోన్ చేస్తున్నాడు. చెయ్యి ఖాళీ లేదు పొమ్మంటున్నాను.