ఇంటి మాట

చిన్న వరద వచ్చిన ఏడాది అది. పెద్ద వరద వేరే. అది మేస్త్రి చిన్నప్పటిది, దాని సంగతి తర్వాత వస్తుంది. చిన్న వరద రంపం మిల్లు ఆవరణలో దుంగల్ని కాస్త కదిలించి, వీధి గోడల మీద మోకాలెత్తున బురద గీత గీసి, తన దారిన తాను పోయింది. ఆ గీతలు ఆరకముందే బడి తెరిచారు. మేస్త్రి మనవరాలు రెండో తరగతిలోకి వచ్చింది.

మేస్త్రిని మిల్లులో అందరూ మూగమేస్త్రి అనేవాళ్లు. ఆయన మూగవాడేం కాదు. రంపం తిరుగుతుంటే చెవిలో అరిచినా వినపడదు కనక అక్కడ పనంతా చేతులతోనే నడిచేది. పిడికిలి బిగిస్తే ఆపమని. అరచెయ్యి ఎత్తి ఊపితే దుంగ తొయ్యమని. రెండు అరచేతులూ గుండెకి ఆనించి పట్టుకుంటే వేళ్లు జాగ్రత్త అని. వయసంతా అలా గడిపాక ఇంట్లో కూడా నోరు తెరవడం ఆయనకి దండగ పనిలా కనిపించేది. భార్య ఉన్నన్నాళ్లూ ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడేసేది. ఆవిడ పోయాక ఆ పని ఎవరూ అందుకోలేదు.

కూతురు పక్క ఊళ్లో ఆసుపత్రి బట్టలు ఉతికే చోట పనిచేస్తూ ఆదివారాలు వచ్చేది. అల్లుడు లారీ నడిపేవాడు, ఎప్పుడొస్తాడో ఆ లారీకే తెలియాలి. మిగతా రోజులన్నీ తాతా, మనవరాలూ. ఒకచోట నిలవదు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఆడుతూ ఉంటుంది కనక దాన్ని ఉడుత అనేవాళ్లు. పొద్దున్నే తాత మంచం పట్టె మీద వేలి కణుపులతో టకటకమని కొడితే ఉడుత లేచేది. వేలు దంతాల మీద ఆడిస్తే పళ్లు తోముకునేది. సంచీ వైపు గడ్డం చూపిస్తే తగిలించుకునేది. ఇద్దరికీ ఏ లోటూ తెలిసేది కాదు.

బడి తెరిచిన వారంలో టీచరమ్మ పెద్దల్ని పిలిచింది. కొత్తగా వచ్చిన మనిషి, మేస్త్రి కూతురి వయసుంటుంది. పెద్దలంతా పిల్లల కుర్చీల్లోనే కూర్చోవాలంది. మేస్త్రి కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. సుద్దముక్క వాసన, తడిగుడ్డతో తుడిచిన నల్లబల్ల వాసన ముక్కుకి తగిలేసరికి ఆయన కాసేపు ఆవిడ మాటలే వినలేదు. ఎప్పుడో వదిలిపెట్టి వచ్చిన వాసన అది.

"చెప్పులు వరండాలో, మడమలు గోడకి ఆనించి వరసగా. అప్పుడు ఇంటికెళ్లేటప్పుడు తొక్కుకోరు," అంటోంది టీచరమ్మ. "ఆదివారం గోళ్లు తియ్యండి. సంచీ రాత్రే సర్దించండి. మీరు సర్దకండి, పక్కన కూర్చుని వాళ్లచేత సర్దించండి. సాయంత్రం ఎవరి కుర్చీ వాళ్లు బల్ల మీద బోర్లించి వెళ్లాలి. బడి వదిలే ఇంటి గంట కొట్టడం రోజుకొకరి వంతు. అబద్ధం చెప్పి దొరికితే ఆ నెల వంతు పోయినట్టే."

"మరి మాకేం వంతులూ లేవా అమ్మా?" అన్నాడు క్షవరం షాపు కత్తెరయ్య. ఆయన మనవడు కూడా అదే తరగతి.

"ఉంది. ఇంటి మాట. రోజూ సాయంత్రం, ఇవాళ బళ్లో ఏం జరిగిందని అడగండి. విని, మీరో మాట చెప్పండి. మర్నాడు హాజరు అవగానే పిల్లలు లేచి ఆ మాట క్లాసులో చెబుతారు. మీకు చదువొచ్చా రాదా అని నేను చూడను."

"రోజుకి ఒక్క మాటేనా? మిగతావన్నీ నేనేం చేసుకోను?" అన్నాడు కత్తెరయ్య. అందరూ నవ్వారు. మేస్త్రి మాత్రం గట్టిగా తలూపాడు. అప్పగించిన పని అప్పగించినట్టు చెయ్యడం ఆయనకి అలవాటు.

ఆ సాయంత్రం నుంచీ చేశాడు కూడా. గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉడుత వైపు గడ్డం ఎగరేసేవాడు. ఏం జరిగిందని అడగడం అది. ఉడుత చెప్పుకుంటూ పోయేది. బాగుంటే ఆయన బొటనవేలు చూపించేవాడు. తప్పు చేస్తే చూపుడువేలు అడ్డంగా ఆడించేవాడు. అడగమన్నారు, అడిగాడు. చెప్పమన్నారు, చెప్పాడు. ఇంకేం కావాలి?

వానాకాలం వెళ్లాక ఒకరోజు గడ్డం గీయించుకోవడానికి వెళ్లాడు. కత్తెరయ్య ముఖమంతా నురగ పట్టించి, కత్తి గొంతు మీద ఆనించి అప్పుడు మొదలుపెట్టాడు.

"నువ్వింత గుండెలు తీసిన బంటువని మాకెప్పుడూ చెప్పలేదేం మేస్త్రీ? చెప్పవులే. మాకు చెబితే నీ నోరు అరిగిపోతుంది. మనవరాలికైతే రోజుకో కథ!"

మేస్త్రి కళ్లు తిప్పి చూశాడు. కత్తి కింద అంతకన్నా కదలడానికి లేదు.

"పెద్ద వరదలో బడి గంట కొట్టుకుపోతుంటే ఈదుకుంటూ వెళ్లి పట్టుకున్నావట కదా. దానికి పాము చుట్టుకుని ఉందట. నువ్వు దాంతో, కాస్త జరుగు తల్లీ, ఇది బడి సొమ్ము, అన్నావట. మా వాడు అన్నం మానేసి మరీ చెబుతున్నాడు. రేపు గురువారం పెద్దల రోజు. ఆ కథ నీ నోటితోనే చెప్పిస్తుందట టీచరమ్మ. నేను షాపు మూసేసి వస్తున్నాను, ఏమనుకున్నావో!"

సాయంత్రం మేస్త్రి మెట్టు మీద కూర్చుని గడ్డం ఎగరేశాడు. ఎగరేసి, ఈతకొడుతున్నట్టు చేతులు ఆడించి చూపించాడు. ఉడుత నములుతున్నది మింగేసింది.

"నీకెవరు చెప్పారు?"

తాత గడ్డం నిమిరి చూపించాడు.

"కత్తెర తాతేనా! ఆయన నోట్లో ఏదీ ఆగదు," అని కాసేపు కాలిగోరు చూసుకుంది. "మొదటిరోజు నువ్వన్నట్టే చూపించాను తాతా. మా తాత ఇలా అన్నాడని బొటనవేలు ఎత్తాను. అందరూ నవ్వారు. టీచరు నోటితో ఏమన్నారమ్మా అంది. ఏమీ అనలేదన్నాను. పాపం, అంది. నాకా పాపం నచ్చలేదు. నిన్నెవరూ పాపం అనకూడదు. అందుకని నీ మాటలు నేనే చెప్పేశాను."

మేస్త్రి తన బొటనవేలు తిప్పి చూసుకున్నాడు.

"రేపు నువ్వు రాకు. తాతకి జ్వరమని చెబుతాను. అబద్ధమని తెలిస్తే నా గంట పోతుంది. ఎల్లుండే నా వంతు. పోయిన నెల నుంచీ చూస్తున్నాను తాతా."

మేస్త్రి చూపుడువేలు అడ్డంగా ఆడించాడు. జ్వరం కుదరదని. అంతకుమించి ఏం చేస్తాడో ఆయనకే తెలియదు.

గురువారం మధ్యాహ్నం గది కిక్కిరిసిపోయింది. వరండాలో చెప్పులు, పెద్దవీ చిన్నవీ, మడమలు గోడకి ఆనించి బుద్ధిగా ఉన్నాయి. కత్తెరయ్య ముందు వరసలోనే కూర్చున్నాడు. టీచరమ్మ పిలిచింది.

"మేస్త్రి గారూ, గంట కథ కోసం మా పిల్లలు వారం నుంచి ఎదురుచూస్తున్నారు. మీరు చెబితే వినాలని."

మేస్త్రి లేచాడు. కుర్చీ కూడా ఆయనతోపాటు లేచింది. పక్కవాళ్లు దాన్ని లాగి వదిలించేదాకా పిల్లలు నవ్వారు. ఉడుత నవ్వలేదు. రెండు అరచేతులూ గుండెకి ఆనించి పట్టుకుని తాతనే చూస్తోంది. వేళ్లు జాగ్రత్త. మిల్లులో ఆ గుర్తు ఎవరు చూపించినా ఆయన ఉన్నచోటే ఆగిపోయేవాడు.

"గంట సంగతి..." అన్నాడు. పక్క బల్ల పట్టుకుని మళ్లీ మొదలుపెట్టాడు. "గంట సంగతి మా దానికి నేను చెప్పవలసినట్టు చెప్పలేదు. నేను చెప్పకపోతే అదేం చేస్తుంది? ఉన్నదాంతో అల్లుకుంది. ఇవాళ అసలుది చెబుతాను.

"మా బళ్లో గంటంటే గంట కాదు. రైలు పట్టా ముక్క. తాడుతో వేలాడదీసేవాళ్లు. పక్కనే ఇనప కడ్డీ. పొద్దున్నే ముందు వచ్చినవాడు గది ఊడ్చాలి. తర్వాత వచ్చినవాడు కుండలో నీళ్లు నింపాలి. మా పంతులు అందరి పలకలూ ముట్టుకుని చూసేవాడు, తడి ఆరిందా లేదా అని. తడి పలక మీద అక్షరం నిలవదురా అనేవాడు. ఇంటి గంట మాత్రం ఆ రోజు గట్టిగా జవాబు చెప్పినవాడికి. నాకు జవాబు వచ్చేది. నోరే వచ్చేది కాదు. మూడేళ్లు ముందుగా వెళ్లి ఊడ్చాను. గంట ముట్టుకోలేదు. ఒకరోజు మాత్రం చెప్పాను, గట్టిగా."

"ఏం చెప్పావు తాతా?" అంది ముందు వరసలో ఒక పిల్ల.

"ఏడెనిమిదులు యాభైయారు."

గదిలో ఎవరూ నవ్వలేదు.

"అప్పటికే ఆ రోజు వంతు ఇంకొకడికి ఇచ్చేశాడు పంతులు. రేపు గంట నీదిరా అన్నాడు. ఆ రాత్రే పెద్ద వరద. నీళ్లు తీసేసరికి బడి లేదు. పట్టా ముక్కా లేదు. మా నాన్న నన్ను మిల్లుకి తీసుకుపోయాడు, పొట్టు మొయ్యడానికి. అంతే."

"మరి ఈదావు కదా?" అన్నాడు కత్తెరయ్య మనవడు.

"నాకు ఈత రాదు."

ఉడుత తల వాలిపోయింది. మేస్త్రి చూశాడు.

"మెలకువలో రాదు," అన్నాడు నెమ్మదిగా. "నిద్దట్లో చాలాసార్లు ఈదాను. ఒకటి రెండుసార్లు పట్టుకున్నాను కూడా. ఈ మాట దాని అమ్మమ్మకి కూడా చెప్పలేదు నేను. ఇదెలా కనిపెట్టిందో నాకు తెలీదు."

కత్తెరయ్య కూడా ఊరుకున్నాడు. ఆయన మనవడు మాత్రం ఊరుకోలేదు.

"మరి పాము?"

"పాముని నేనెరగను నాయనా. అది పూర్తిగా దానిదే."

నవ్వులు గోడలకి తగిలి తిరిగొచ్చాయి. టీచరమ్మ నవ్వి, కళ్లు తుడుచుకుని, ఉడుత దగ్గరికి వచ్చింది.

"ఇకమీదట కథైతే కథ అని చెప్పి చెప్పు. ఇంటి మాటైతే ఇంటి మాట అని చెప్పు. రెండూ కలపకు. తెలిసిందా?"

"తెలిసింది టీచర్," అని ఉడుత తలెత్తింది. "మరి రేపు గంట?"

"నీ వంతు నీదే. తాతగారు నిజం చెప్పేశారుగా." ఆవిడ మేస్త్రి వైపు తిరిగింది. "ఇవాళ ఇంటి గంట మీరు కొట్టండి తాతగారూ."

మేస్త్రి గోడకి ఉన్న గంట వైపు చూశాడు. ఇది నిజం గంటే, ఇత్తడిది, తాడు చివర ముడి పిల్లల చేతులకి నలిగి నల్లబడింది. చూసి, అడిగాడు.

"ఇవాళ వంతు ఎవరిదమ్మా?"

కత్తెరయ్య మనవడు అప్పటికే తాడు దగ్గర నిలబడి బిక్కమొహం వేశాడు.

"వాడి వంతు వాడిదే," అన్నాడు మేస్త్రి.

వాడు ప్రాణం లేచొచ్చినట్టు తాడు లాగాడు. గంట మోగినంతసేపూ మేస్త్రి కళ్లు మూసుకుని నిలబడ్డాడు. తర్వాత అందరితోపాటు తన కుర్చీ ఎత్తి బల్ల మీద బోర్లించాడు. ఇంటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. ఒక్కరోజుకి అంతకన్నా ఎక్కువ ఆయన వల్ల కాదు. ఉడుత కూడా అడగలేదు. వేలు పట్టుకుని నడిచింది.

మర్నాడు పొద్దున్నే అలవాటుగా మంచం పట్టె మీదికి ఆయన చెయ్యి వెళ్లింది. సగంలో ఆగింది.

"ఉడుతా," అన్నాడు. "లే అమ్మా. ఇవాళ గంట నీది."

దుప్పట్లోంచి చిన్న పిడికిలి ఒకటి బయటికి వచ్చింది. ఆపమని.

"చెయ్యి కాదు," అన్నాడు మేస్త్రి. "నోటితో చెప్పు."