మర్యాదకు మించిన సాంబారు

నేను ఒక గుంటగరిటెను. పేరుమోసిన అజ్జరం ఊరి ఇత్తడి సామానుకు ఉన్న వంశగౌరవం నాకు లేదు. విజయవాడలో ఒక రేకుల షెడ్డులో, చెవులు చిల్లులు పడే చప్పుడులో, స్టీలు రేకు నుంచి పుట్టాను. పుట్టగానే నా కాడ మీద ఎవరో దంపతుల పేర్లు చెక్కారు. వాళ్ళ గృహప్రవేశానికి వచ్చినవాళ్ళందరికీ నాలాంటి గరిటెల్నే పంచారు. భోజనం పెట్టి, అది వడ్డించే గరిటెను కూడా చేతికిచ్చి పంపడం మనుషులకే తోచే ఆలోచన.

అలా పాలకొల్లులో ఒక రిటైర్డు టీచరమ్మ ఇంటికి చేరాను. ఆవిడ ఒంటరి మనిషి. ఆవిడ పులుసంతా నాలో ఒక్క మునకకే సరిపోయేది. మా వీధి కమ్యూనిటీ హాల్లో పెద్దవాళ్ళకు మధ్యాహ్నం భోజనం పెట్టే కేంద్రం తెరిచినప్పుడు ఆవిడ నన్ను దానం చేసింది. పేపర్లో ఆవిడ ఫొటో పడింది. నాది పడలేదు.

కేంద్రం నడిపేది పట్నంలోని ఒక ట్రస్టు. వండి వడ్డించేది మంగతాయారు. ఆవిడ చెయ్యి ఎంత ఉదారమో నోరు అంత దురుసు. మునగాకు పప్పు, గుడ్డు, సాంబారు, మజ్జిగ. వయసు మళ్ళిన ఒంటికి ఏం కావాలో డాక్టర్ని అడిగి పెట్టిన భోజనం అది.

వచ్చేవాళ్ళలో గవర్రాజు ఒకరు. ఒకప్పుడు టైలరు. భార్య పోయాక పొయ్యి వెలిగించడం మానేసి టీలో బిస్కెట్లు ముంచుకుని బతికారు. ఒకరోజు బజార్లో కళ్ళు తిరిగి పడిపోతే సర్కారు ఆసుపత్రిలో డాక్టరు కనురెప్ప లాగి చూసి, "జబ్బేం లేదు తాతా, తిండే లేదు. ఇలాగే ఉంటే ఈసారి లేవవు" అన్నాడట. ఆ తర్వాత హాలుకి రావడం మొదలుపెట్టారు. మెల్లగా బుగ్గలు పూడాయి. పక్కవాళ్ళ చొక్కాలకు ఊడిన గుండీలు కుట్టిపెట్టేంత ఓపిక వచ్చింది.

అయితే ఆయన చేత తినిపించడం అంత తేలిక కాదు. మావైపు పంక్తిలో అడగ్గానే వేయించుకోవడం మర్యాద కాదు. మొదటిసారి చాలు అనాలి. వడ్డించేవాళ్ళు వినకూడదు. రెండోసారి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలి. అప్పుడూ వాళ్ళు ఆగకూడదు. కొసరి వేశాక "అయ్యో, ఎందుకమ్మా" అంటూ శుభ్రంగా తినాలి.

"చాలమ్మా, చాలు" అనేవారు గవర్రాజు.

"చాలని మీ నోరంటోంది. కళ్ళేమో బకెట్లోనే ఉన్నాయి. చెయ్యి తీస్తారా, చేతి మీద పొయ్యమంటారా?"

"ఈవిడొకత్తి! కాలుద్దమ్మా!"

"కాలితే తీస్తారు కదా, పొయ్యనివ్వండి మరి."

చెయ్యి తప్పుకునేది. నేను వంగేదాన్ని. పంక్తంతా నవ్వేది.

ఇలా జరుగుతుండగా ట్రస్టు నుంచి ప్రద్యుమ్న అనే ఆఫీసరు చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. కేంద్రం ఉంచాలో తియ్యాలో ఆయన మాటమీదే ఆధారపడి ఉంది. మంగతాయారు ముందురోజే అందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పింది.

"రేపు పెద్దోళ్ళొస్తారు. ముష్టోళ్ళలాగ రాకండి. పెట్లో ఉన్న మంచివి కట్టుకోండి. ఏదైనా అడిగితే లేదూ తక్కువా అని ఏడవకండి. మన వీధి పరువు మీ చేతుల్లో ఉంది."

అంత శ్రద్ధగా ఎవరూ ఎవరి మాటా విని ఉండరు. మర్నాడు పట్టుచీరలు కలరా ఉండల వాసనతో బయటికొచ్చాయి. రోల్డుగోల్డు గాజులు అసలువాటికన్నా ఎక్కువ మెరిశాయి. గవర్రాజు గంజి పెట్టిన పంచె కట్టి, భుజాన జరీ కండువా వేసి, ఎవరి పెళ్ళికో పెద్దగా వచ్చినట్టు వచ్చారు. వాళ్ళను చూసి నా మసికి నాకే సిగ్గేసింది.

ప్రద్యుమ్న మంచి కుర్రాడు. చేతులు కడుక్కుని, "నేనే వడ్డిస్తానండీ" అని నన్ను అందుకున్నాడు. గవర్రాజు ముందు ఆగాడు.

"ఇంకొంచెం వెయ్యమంటారా?"

"చాలు బాబూ."

చాలన్నారు కాబట్టి కుర్రాడు ముందుకు కదిలాడు. గవర్రాజు చెయ్యి విస్తరి మీద అడ్డంగా అలాగే ఉంది. నేను పక్క పంక్తికి వెళ్ళిపోయాక కూడా కాసేపు ఉంది. తర్వాత నెమ్మదిగా ఒళ్ళోకి దిగింది.

భోజనాలయ్యాక ఆఫీసరు అడిగాడు. "ఈ భోజనం లేకపోతే మీకేమైనా ఇబ్బంది అవుతుందాండీ?"

అందరూ గవర్రాజు వైపు చూశారు. పంక్తికి పెద్ద ఆయనే. గుమ్మం దగ్గర వీధి జనం వింటున్నారు.

"ఇబ్బందేముందండీ, ఆయ్! భగవంతుడి దయవల్ల మాకేం తక్కువ? నలుగురం కూర్చోడానికి వస్తాం, అంతే."

తలలన్నీ గంభీరంగా ఊగాయి. మంగతాయారు నన్ను కడుగుతూ, "ఎంత మర్యాదగా చెప్పారో!" అని మురిసిపోయింది. నేనూ మురిశాను. గరిటె బుద్ధి గుంట లోతే కదా.

కొన్నాళ్ళకు జవాబొచ్చింది. ఇక్కడి పెద్దలు స్థితిమంతులు గనుక, కేంద్రాన్ని అవసరం ఉన్నచోటికి మారుస్తున్నారట. హాలుకి తాళం పడింది. గిన్నెలు తలా ఒకటీ పట్టుకుపోయారు. నేను మంగతాయారు వాటాకొచ్చాను.

"అలాగన్నారేంటండీ మీరు?" అని ఆవిడ గవర్రాజుని నిలదీసింది.

"మరి పదిమందిలో లేదని ఎలా అనమంటావమ్మా? నువ్వేగా ఏడవొద్దన్నావు?"

ఆవిడ ఇంటికెళ్ళి అటక మీది క్యారేజీ దించింది.

రోజూ ఆవిడే ఇంటి నుంచి భోజనం కట్టి ఆయనకి పట్టుకెళ్ళేది. ఆయన తిని, కడిగి, తిరిగిచ్చేవారు. అయితే గిన్నె ఖాళీగా పంపడం మనకి అలవాటు లేదు కదా. పై గిన్నెలో పంచదార పోసి ఇచ్చేవారు. ఒద్దన్నా వినేవారు కాదు. ఒకరోజు ఆవిడ ఇంట్లోకి తొంగి చూస్తే, ఆయన పంచదార డబ్బా బోర్లించి అడుగు తడుతున్నారు. ఆయన టీలోకి మిగిలేది కూడా క్యారేజీలోకే వస్తోంది. తీసుకెళ్తే ఆయన ఖాళీ అవుతున్నారు, మానేస్తే పస్తుంటారు. ఆవిడ చాలా ఆలోచించి మానేసింది. ఏది తప్పో నాకిప్పటికీ తెలీదు. ఆవిడకీ తెలీదు.

వానాకాలం ముసురు పట్టినప్పుడు గవర్రాజు పోయారు. రెండురోజులుగా తలుపు తెరవలేదని పాలబ్బాయి చెప్తే వెళ్ళి చూశారు.

వీధంతా కదిలింది. దగ్గరివాళ్ళెవరూ లేరు గనుక చందాలేసుకుని పెద్దకార్యం ఘనంగా చేశారు. షామియానా, బూరెలు, పులిహోర, రెండు రకాల పప్పులు. ఆ హాలే తాళం తీయించారు. అంత మంది పంక్తికి ఇంటి గరిటెలు చాలవని నన్ను రప్పించారు. ఆయన పేరు మీద ముందుగా ఒక విస్తరి వేశారు. దానిలో ఆయనకిష్టమని ములక్కాడ ముక్కలు ఏరి మరీ పెట్టారు. ఆయనకి ఏది ఇష్టమో అందరికీ తెలుసు.

బంతి మధ్యలో ఒక పెద్దమనిషి బూరెలో నెయ్యి పోయించుకుంటూ అన్నాడు. "ముసలోళ్ళకి రోజూ ఇలా ఓ ముద్ద పెట్టేవాళ్ళుంటే ఎంత బాగుణ్ణండీ!"

పక్కాయన వేళ్ళు నాక్కుని తలూపాడు. "పెట్టారు కదండీ ఆమధ్య! వీళ్ళే అక్కర్లేదన్నారు."

మంగతాయారు ఆ మాట వింది. నన్ను బకెట్లో అడుగుదాకా ముంచి, ఆ పక్కాయన విస్తట్లో పోసి, తర్వాతి విస్తరికి కదిలింది.