గట్టు మీద నిమ్మకాయలు
ఇంకో బిళ్ల వేస్తే బాగుండును, కర్పూరం వెలుగుతున్నంతసేపూ తనని పిలవరు, అనుకుంది సత్యవతి, అమ్మవారి గుడి మెట్టు మీద తమలపాకు, దాని మీద మంట, చుట్టూ ఊరంతా, మధ్యలో బుల్లెమ్మ, కొంగు నడుముకి దోపుకుని కొబ్బరితోటకి బయల్దేరిన మనిషిలా, చిల్లంగి పెట్టి, చేతబడి చేసి తమ చెరువులో రొయ్యలన్నీ చంపేసిందని ఇంతమంది అంటుంటే ఆ మెడ కాస్త వంగదేం, అదే కదా అందరికీ ఒళ్లు మంట, ఇక మంగరాజు గొంతు, ఇంట్లో ఎప్పుడూ వినపడనంత తియ్యగా, ఆయ్, గట్టు మీద నిమ్మకాయలు, కుంకుమ, ఈవిడే పెట్టిందండి, మా ఆవిడ కళ్లారా చూసిందండి, అంటున్నాడు మొగుడు, చూసిందట, పెట్టింది ఎవరో తెలిసి కూడా.

పెట్టింది తనే, చెరువు కళకళలాడుతుంటే పదిమంది కళ్లూ పడుతున్నాయని, మంగరాజు మేత బస్తాల కోసం అమలాపురం వెళ్లిన సాయంత్రం నిమ్మకాయలు కోసి, కుంకుమ అద్ది, చెరువుకి దిష్టి తీసి గట్టు మీద వదిలింది, చదువుకున్నవాడు, నవ్వుతాడని చెప్పలేదు, నవ్వులపాలవడమంటే తనకి చావు, చివరికి నిన్న అన్నం దగ్గర చెప్పేసింది, ఏవండీ, అవి నేను పెట్టినవేనండి, అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది, మళ్లీ కలిపేడు, నవ్వలేదు, నవ్వినా బాగుండేది, ఎవరితోనూ అనకు, ముసల్ది ఊరొదిలి పోతే గట్టు పక్కన తన కొబ్బరితోట మనకే అమ్ముతుంది, చెరువు నుంచి కాలవకి దారి దొరుకుతుంది, అన్నాడు, రోగం ఉందో లేదో రొయ్యపిల్లని టెస్టు చేయించకుండా చవగ్గా తెచ్చింది ఎవరో మాత్రం అనలేదు, ఛీ, ఆ ముద్ద ఎలా దిగింది ఆయనకి, తనకి మాత్రం దిగలేదా.

ఊరి పెద్ద కుమారస్వామి గారు మంచిగానే చెప్పేరు, నువ్వు చెయ్యలేదని కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యి బుల్లెమ్మా, ఇంటికి పో, అని, చెయ్యని పనికి ప్రమాణమేంటండి, ఇవాళ ఆర్పితే రేపు ఎవరి గేదె చచ్చినా నన్నే పిలుస్తారు, ఆర్పను, అంది బుల్లెమ్మ, ఎంత పొగరో, అన్నారెవరో, అది పొగరే అయితే తనకి అందులో చిటికెడు ఉన్నా చాలును, అయితే చూసినవాళ్లే ఆర్పాలి, రామ్మా సత్యవతీ, కళ్లారా చూశానని నువ్వు ఆర్పితే ఈవిడ రేపే ఊరు దాటుతుంది, అంటున్నారు పెద్దాయన, దొంగ ప్రమాణం చేస్తే పిల్లలకి తగులుతుందంటారు, ఆ పిల్లలు పుట్టినప్పుడు పథ్యం వండి తెచ్చింది ఈ బుల్లెమ్మ పిన్నిగారే, చెప్పేస్తే, ఇప్పుడే చెప్పేస్తే, వెనకనుంచి మంగరాజు దగ్గేడు, చెయ్యి దానంతటదే వెళ్లింది, మంట మీద పడింది, ఆరిపోయింది.

ఊరు ఊపిరి పీల్చుకుంది, అయిపోయింది, ఇంతేనా, అరచేతికి మసి తప్ప ఏమీ లేదు, బుల్లెమ్మ మెట్టు దిగుతూ పక్కన ఆగింది, తనకి తప్ప ఎవరికీ వినపడకుండా, చెయ్యి కాలలేదు కదా అమ్మాయ్, నిమ్మకాయలు పెట్టిన రోజూ నీ గురించి ఇదే బెంగ, గట్టు జారుడుగా ఉంది, కుంకుమ చేతులతో ఎక్కడ పడతావోనని నువ్వు ఇల్లు చేరేదాకా తోటలోంచి చూస్తూనే ఉన్నాను, అని వెళ్లిపోయింది, చూసింది, అంతా చూసింది, ఆవిడ ఒక్క మాట అంటే చాలు, చిల్లంగి మనిషివని ఈ మెట్టు మీద నిలబెట్టేది తననే, అది తెలిసే ఆవిడ నోరు విప్పలేదు.