కళ్ళు మూసి కొట్టిన ట్యాక్

మా మరిది దుర్గారావు పరీక్షకు వెళ్ళిన రోజు నేనూ వెంట వెళ్ళాను. కూర్మన్నపాలెం దాటాక ఒక పెద్ద షెడ్డులో పరీక్ష. వెల్డింగ్ చేసి చూపించాలి. నెగ్గితే పనివచ్చినవాడని సర్టిఫికెట్ ఇస్తారు. అది ఉంటేనే ఆస్ట్రేలియా కంపెనీ వీసాకు పిలుస్తుంది. నలభై దాటినవాళ్ళను ఆ కంపెనీ తీసుకోదు. దుర్గారావుకు వచ్చే నెలలో నలభై నిండుతాయి. ఇక్కడి కాంట్రాక్టు పని ఉగాదికే పోయింది.

"నువ్వెందుకు వదినా, ఈ ఎండలో?"

"మీ అన్నియ్య ఉంటే వచ్చీవోడు కాదేటి?"

"అన్నియ్యొస్తే ఎగ్జామినరుకే పని నేర్పీసి వచ్చీవోడు," అని నవ్వాడు.

మా ఆయనా వెల్డరే. తమ్ముడి చేత మొదటిసారి వెల్డింగ్ రాడ్డు పట్టించింది ఆయనే. ఇప్పుడు లేడు.

షెడ్డు గోడకున్న అద్దంలోంచి చూశాను. దుర్గారావు రెండు పైపు ముక్కలు ఎదురెదురుగా పెట్టాడు. అవి కదలకుండా ముందు చిన్న చిన్న అతుకులు వేస్తారు. ట్యాక్ కొట్టడం అంటారు. కళ్ళకు అడ్డంగా దించుకోవలసిన నల్లద్దం మాస్కు నెత్తిమీదే ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం పక్కకు తిప్పి, రాడ్డు తాకించాడు. ఒక్క మెరుపు. పైపు తిప్పి మళ్ళీ అలాగే మరొకటి. వంకర లేకుండా అతుక్కున్నాయి. అచ్చం మా ఆయనే కనపడ్డాడు. నాకు గర్వంగా అనిపించింది.

అప్పుడే ఎగ్జామినరు చెయ్యెత్తి మెషీను ఆపించాడు.

"ఏటయింది?" అన్నాను, దుర్గారావు బయటికి రాగానే.

"అసలు పని మొదలెట్టనియ్యలేదు వదినా. మాస్కు దించకుండా ట్యాక్ కొట్టీసాను. సేఫ్టీలో ఫెయిలంట. ఆరు నెల్ల తర్వాత రమ్మన్నాడు."

"అప్పటికి నీకు నలభై దాటిపోద్ది కదరా! తెలీక సేసినాడని నాను సెప్తానుండు."

"తెలీకేటి? పొద్దున్నించి అదే అనుకుంతన్నాను, మాస్కు దించాల, మాస్కు దించాలని. రాడ్డు పట్టుకునీసరికి కళ్ళు వాటికవే మూసుకుపోనాయి."

అయినా వెళ్ళి అడిగాను. ఎగ్జామినరు చిన్నవాడే, మర్యాదగానే మాట్లాడాడు. "చెయ్యి చాలా మంచిదమ్మా. కానీ అంతా కెమెరాలో ఎక్కింది. నేనేం చెయ్యలేను."

మా ఆయన పనిచేసిన యార్డులో ఇద్దరికి ఒక్కటే మాస్కు ఉండేది. ఒకడు మాస్కు పెట్టుకుని వెల్డింగ్ చేస్తుంటే, రెండోవాడు కళ్ళు మూసుకుని ట్యాక్‌లు కొట్టేవాడు. మా వాకిట్లోనే, కరెంటు లేని రాడ్డుతో, మా ఆయన తమ్ముడికి అది నేర్పాడు. "మెరుపు కన్నా ముందే మూసీయాల. లేపోతే రేత్రంతా కళ్ళల్లో ఇసక పోసినట్టుంటాది," అనేవాడు. నేను అన్నం వడ్డిస్తూ నవ్వేదాన్ని.

బస్సెక్కాక దుర్గారావు అన్నాడు, "అన్నియ్యనేటీ అనుకోకు వదినా. ఆయన నేర్పబట్టే నాకీ కళ్ళు మిగిలాయి."

జంక్షన్ దగ్గర ఒక షాపు ముందు ఎవరో ఇనప గేటుకు వెల్డింగ్ చేస్తున్నారు. నీలం వెలుగు బస్సు కిటికీ మీద పడింది. దుర్గారావు కళ్ళు మూసుకున్నాడు. షాపు దాటిపోయాక కూడా తెరవలేదు.