మూడో కాగితం చదవని ముద్ర

నేను ఒక రబ్బరు ముద్రను. పనస చెక్క పిడి, దాని నెత్తిన ఇత్తడి బొడిపె, అడుగున రెండే రెండు మాటలు: ‘అభ్యంతరం లేదు’. రెండు మాటలేగా అని తీసిపారేయకండి. నేను కాగితం మీద దిగితే తప్ప మా ఆకాశంలోకి పరాయి విమానం ఏదీ రావడానికి లేదు.

నన్ను చెక్కింది సారంగద్వీపం రేవు బజారులో గొడుగులు బాగుచేసే ఓ ముసలాయన. వానల్లో గొడుగులు, ఎండల్లో ముద్రలు ఆయన వృత్తి. ఇక ఆ ద్వీపం సంగతంటారా, పటం మీద ఈగ వాలితే మా దేశం మొత్తం దాని కాళ్ల కింద పడిపోతుంది. నాలుగు తరాల కిందట చెరుకు తోటల పనికని విశాఖ రేవులో ఓడెక్కినవాళ్ల సంతానమే ఇక్కడ సగం మంది. అందుకే సర్కారు కాగితాలు తెలుగులోనూ నడుస్తాయి. మాకు సైన్యం లేదు, శత్రువూ లేడు. మేం ఎవరి పక్షమూ కాదని, కొట్టుకునేవాళ్ల ఆయుధాలు మా నేల మీదా నీటి మీదా గాలిలోనూ కదలడానికి వీల్లేదని చట్టం మొదటి పుటలోనే రాసుకున్నాం. రాసుకున్నదాన్ని మళ్లీ చదివే అలవాటు మాత్రం మావాళ్లకు కాస్త తక్కువ.

నా యజమాని తవిటినాయుడు గారు గగన అనుమతుల కార్యాలయానికి పెద్ద. దొడ్డ మనిషి, నవ్వితే బల్ల కదులుతుంది. ప్రతి దరఖాస్తుకూ మూడు కాగితాలుంటాయి. విమానం ఎవరిది, ఏం మోస్తోంది అన్నది మొదటి దాంట్లో, ఏ దారిన పోతుందన్నది రెండో దాంట్లో, సరుకు వివరాలు, దాన్ని మోయడంలో జాగ్రత్తలు మూడో దాంట్లో. నాయుడు గారు మొదటి కాగితం చూసి, కళ్లజోడు సర్దుకుని, నన్నెత్తి ధబీమని దింపేవారు. ఇరవై ఏళ్లుగా ఇదే వరస. ఆ చప్పుడంటే ఆయనకు ప్రాణం. నిజం చెప్పాలంటే నాకూ అంతే.

ఆ గదిలోనే గుమాస్తా సూరీడమ్మ కూర్చుంటుంది. పొద్దున్న ఎనిమిదింటికి వైర్‌లెస్సులో సముద్రం అవతలి దేశాన్ని పిలిచి గాలి కబురు అడగడం ఆవిడ పని. అవతల పలికేది జులేఖ. పదేళ్ల పరిచయంలో ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూడలేదు గానీ, గాలి, మబ్బు అయ్యాక ఇంటి కబుర్లు రెండు చెప్పుకోకపోతే ఇద్దరికీ తోచదు. రెండేళ్లుగా జులేఖ దేశం మీద బాంబులు పడుతున్నాయి. అయినా ఎనిమిదింటికి ఆవిడ పలుకుతుంది. పలికేదాకా సూరీడమ్మ టీ ముట్టదు.

ఆ ఏడు దసరా వచ్చింది. ఆయుధపూజ మా ఆఫీసులో ఘనంగా జరుగుతుంది. కత్తులూ కటార్లూ లేవు కనుక టైపు మిషనూ, వైర్‌లెస్సూ, నేనూ పీట ఎక్కుతాం. నాకు పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, చామంతి పువ్వు తగిలించారు. ఒకసారి పూజలో కూర్చోబెట్టిన పనిముట్టును మర్నాడు కొబ్బరికాయ కొట్టి లేపేదాకా ఎవరూ ముట్టరాదు. ఇది నాయుడు గారి తాతల నాటి పట్టింపు.

సరిగ్గా హారతి కళ్లకద్దుకునే వేళకు ఒక దరఖాస్తు వచ్చింది. సరుకు: పంపుసెట్ల విడి భాగాలు. విమానం మర్నాడు మధ్యాహ్నం పోవాలట. పై ఆఫీసు నుంచి ఫోను, ఇప్పుడే ముద్ర వేసి పంపమని.

“ముద్ర పూజలో ఉందండి బాబూ. నానేటి సెయ్యను?” అన్నారు నాయుడు గారు. మళ్లీ ఫోను, మళ్లీ అదే జవాబు. మూడోసారి రిసీవరు పక్కన పెట్టేసి పులిహోర తిన్నారు.

సూరీడమ్మకు చేసే పని లేదు. పులిహోర ఆకు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో కాగితాలు తిరగేసింది. అలా మా ఆఫీసులో మొదటిసారి ఒక మనిషి మూడో కాగితం చదివింది! చదువుతూ చదువుతూ నమలడం ఆపేసింది.

“బాబుగారూ, మా ఇంటాయన పాతికేళ్ల బట్టి పంపులు బాగుసేస్తన్నాడు. పంపుని తడవనీకండి అంటారు గానీ, నిప్పుకి దూరంగా ఉంచమని ఎక్కడైనా రాస్తారేటి? ఊళ్ల మీంచి ఎగరొద్దని కూడా రాసుంది ఇక్కడ. పంపులకి ఊళ్లంటే బయమా?”

నాయుడు గారి చెయ్యి ఆకులోనే ఆగిపోయింది. దారి చూపే రెండో కాగితం సూరీడమ్మ ముందుకు తోసింది. ఆ దారి ముగిసేది జులేఖ దేశపు సరిహద్దు దగ్గర, దాని మీద బాంబులు వేస్తున్నవాళ్ల వైపు.

“మనం అమ్మేమా, కొన్నామా సూరీడమ్మా? పైనుంచి పోతాది. మన కొబ్బరాకైనా కదలదు.”

“మన పెరట్లోంచి ఒకడికి దారిచ్చేక, ఆడెల్లి పక్కోళ్ల ఇల్లు అంటిస్తే, మనకేటీ తెలీదని సెప్పగలమా బాబూ? గేటు తీసింది మనమే కదా. ఆ ఇంట్లో జులేఖ ఉంది.”

ఆవిడ బీరువా తెరిచి పాత కట్టలు దింపింది. అదే కంపెనీ, అవే పంపుసెట్లు, అదే దారి. ఆరు దరఖాస్తులు దొరికాయి. ఆరింటి మీదా నేను ముద్దుగా, స్పష్టంగా, ఒక్క అక్షరం కూడా చెదరకుండా ఉన్నాను. నా పనితనం చూసి నేను సిగ్గుపడ్డది ఆ రోజే. పీట మీద పువ్వు పెట్టుకుని కూర్చున్నానన్న మాటే గానీ, లేచి ఎటైనా పారిపోవాలనిపించింది.

మర్నాడు కొబ్బరికాయ కొట్టారు. నాయుడు గారు నా కుంకుమ తుడిచి, సిరా అద్ది, అలవాటుగా పైకెత్తారు. గాలిలోనే ఆపేశారు.

“అబ్యంతరం ఉందని సెప్పే ముద్ర ఏదీ?”

సూరీడమ్మ సొరుగులన్నీ వెతికింది. లేదు. ఎలా ఉంటుంది? మా ఆఫీసు పుట్టాక ఒక్కరికీ దాని అవసరం పడలేదు.

ఆయన నన్ను పక్కన పెట్టి, ఎర్ర పెన్ను తీసుకుని స్వయంగా రాశారు: ‘అభ్యంతరం ఉంది. ఇక్కడ దిగి పెట్టెలు తెరిచి చూపించవలెను.’ పై ఆఫీసు అరిచింది. ఆయన చట్టం మొదటి పుట ఫోనులో నెమ్మదిగా చదివి వినిపించారు. గంట తిరక్కుండా కంపెనీవాళ్లు దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు.

“పంపుసెట్లకి సిగ్గేసిందేటి!” అని నాయుడు గారు బల్ల కదిలేలా నవ్వారు. సూరీడమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ఆ తర్వాతి ఉదయం ఎనిమిదింటికి ఆయన కూడా వైర్‌లెస్సు దగ్గర కుర్చీ వేసుకున్నారు. రెండు నిమిషాలు గరగర తప్ప ఏమీ లేదు. మూడో నిమిషంలో జులేఖ పలికింది. గాలి నెమ్మదిగా ఉందట, ఆకాశం తేటగా ఉందట, పాపకు రెండో పన్ను ఊడిందట. నాయుడు గారు మైకు అందుకున్నారు.

“అమ్మా, ఇటునుంచి ఆరు విమానాలు నా చేత్తోనే పంపేను. సూడకుండా పంపేను. ఏడోదాన్ని ఆపేను.”

సూరీడమ్మ ఆ మాటలు మార్చి ఆవిడ భాషలో చెప్పింది.

“చెప్పారు, మంచిది. రేపు కూడా పిలవండి,” అంది జులేఖ.

గొడుగుల ముసలాయన చేత ‘అభ్యంతరం ఉంది’ అని కొత్త ముద్ర చేయించారు. ఈ ఏడు దసరాకి పీట మీద మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. కొత్తవాడికి రబ్బరు వాసనైనా పోలేదు, నోరు మాత్రం ఊరుకోదు.

“తాతా, ఇప్పటిదాకా ఎన్నిసార్లు దిగావు?” అని అడిగాడు.

“పదకొండు వేలు,” అన్నాను. “అందులో ఆరు దిగకూడనివి.”